ఉప్పుగూడ గుట్ట మీద అండమాన్

"తోసుకోకండి! ఓడ ఇంకా ఆగలేదు. నేను చెప్పాకే దిగాలి" అని అరిచింది బిందుమాధవి.

ఓడ అంటే నిజం ఓడ కాదు. ఉప్పుగూడలో రైలు పట్టాలకు అవతల, ఇళ్ళ వెనక ఒక రాళ్ళ గుట్ట ఉంది. దాని కింద పొడుగ్గా పడుకున్నట్టుండే బండే ఓడ. దాని మీద ముగ్గురు ప్రయాణికులు బుద్ధిగా నిలబడి ఉన్నారు. ఒకడు బిందు తమ్ముడు బన్నీ. మిగతా ఇద్దరూ ఇంటి ఓనరు పిల్లలు. బిందు క్లాసులోనే చదివే శ్రవణ్‌కుమార్, వాడి చెల్లెలు స్రవ్య. స్రవ్యకి ఎనిమిదేళ్ళు.

ఆదివారం పొద్దున. జూన్ నెల. తెల్లవారుజామున ఓ జల్లు పడి వెలిసింది. రాళ్ళు ఇంకా తడితడిగానే ఉన్నాయి.

"ఇప్పుడు దిగండి. పోర్ట్‌బ్లెయిర్ వచ్చేసింది" అంది బిందు.

ముగ్గురూ దూకారు. బిందు గైడులాగా ముందు నడిచింది. రెండు పెద్ద బండల మధ్య సందు చూపించి "ఇది సెల్యులార్ జైలు" అంది. అందరూ ఒకరి వెనక ఒకరు సందులోంచి వచ్చారు. కాస్త పైన పొదల దగ్గర ఆగి "ఇది రాస్ ఐలాండ్. ఇక్కడ పాత బంగళాల గోడల్ని చెట్ల వేళ్ళు పట్టేసుకుని ఉంటాయి. జింకలు మన పక్కనుంచే నడిచిపోతాయి" అంది.

"అగో, జింకలొచ్చినయ్!" అంది స్రవ్య. ఎవరివో రెండు మేకలు పొదల్లోంచి తలలెత్తి చూశాయి. అందరూ పడీపడీ నవ్వారు.

బిందుకి ఈ ఆటంటే ఎంత ఇష్టమో చెప్పలేం. నాన్న వీరరాఘవరావు సెంట్రల్ గవర్నమెంటు ఆఫీసులో పనిచేస్తాడు. ఎండాకాలం సెలవుల్లో ఆఫీసు తరఫున వచ్చిన టూర్ మీద అందర్నీ అండమాన్ తీసుకెళ్ళాడు. చెన్నై నుంచి ఓడ. నీలం సముద్రం. అద్దం అడుగున్న పడవలోంచి చేపలు. తిరిగి వచ్చినప్పటి నుంచీ బిందు చుట్టూ పిల్లలే. అందరికంటే ముందు స్రవ్య. బిందక్క మాట అంటే ఆ పిల్లకి వేదం.

కానీ ఈ ఆటలో ఒక్క చోటు దగ్గరపడేసరికి బిందు గుండె దడదడలాడుతుంది. అది గుట్ట పైన.

పైన ఒక పెద్ద నల్ల బండ ఉంది. ఇటువైపు నున్నగా, చదునుగా ఉంటుంది. అటువైపు ఒక్కసారిగా తెగిపోతుంది. ఎప్పుడో రాళ్ళు కొట్టి వదిలేసిన క్వారీ గుంత అది. అడుగున వాన నీళ్ళు, మొనదేలిన రాళ్ళు.

బిందు బండకి బాగా ఇవతలే ఆగిపోయింది. "ఇదే కాలాపత్థర్" అంది.

"కాలాపత్థర్ మన దిక్కు బస్తీ పేరు గదా?" అన్నాడు శ్రవణ్.

"ఇది అండమాన్‌ది. మౌంట్ హారియెట్ కొండ మీద అడవిలో నడిచి వెళ్తే వస్తుంది. నల్లటి బండ. దాని అంచున నిలబడితే కింద అడవి, ఇంకా కింద సముద్రం."

"నువ్వు నిలబడ్డవా?"

"మరి? మొదట అంచున కూర్చుని కాళ్ళు వేలాడేశాను. తరవాత లేచి, చేతులు రెండూ చాపి, కళ్ళు మూసుకుని నిలబడ్డాను."

బన్నీ నోరు తెరిచాడు. బిందు వాడి వంక గుడ్లురిమి చూసింది. వాడు నోరు మూసేశాడు. నిన్ననే తన వాటా మామిడితాండ్ర వాడికిచ్చేసింది, ఈ నోరు మూసుకోవడం కోసమే.

ఎందుకంటే అదంతా అబద్ధం.

జరిగింది వేరు. ఆ రోజు అడవి దారిలో చెట్లు పలచబడి, మధ్యలోంచి ఎక్కడో పాతాళంలో నీలం రంగు కనబడగానే బిందు కాళ్ళు చచ్చుబడ్డాయి. నేల ఊగినట్టయింది. దారిలోనే కూలబడి, కళ్ళు గట్టిగా మూసుకుని, "నేను రాను, నేను రాను" అని ఏడ్చింది. అమ్మ రాధ ఆమెని ఎత్తుకున్నంత పని చేసి జీపు దగ్గరికి తీసుకొచ్చేసింది. నాన్నా బన్నీ మాత్రమే బండ దాకా వెళ్ళారు.

బడి తెరిచిన రోజున శ్రవణ్ అడిగాడు, "మస్తు ఎత్తంట గదా, నీకు డర్ కాలేదా?" అని. చుట్టూ క్లాసు పిల్లలందరూ ఉన్నారు. "భయమా? నాకా?" అంది బిందు. అక్కడ మొదలైంది. మర్నాటికి మాటల్లోనే అంచు దాకా వెళ్ళింది. ఆ మర్నాటికి కాళ్ళు వేలాడేసింది. ఇవాళ లేచి నిలబడింది కూడా. ఒక్కో మాట కలుపుతున్నప్పుడల్లా, ఎప్పుడో ఒకరోజు ఎవరికో తెలిసిపోతుందని రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు.

"ఝూట్!" అన్నాడు శ్రవణ్.

"మా బిందక్క ఝూట్ మాట్లాడది" అంది స్రవ్య కోపంగా.

"అయితే గీడ నిలబడి చూపియ్యమను. గీ బండ మీద, గా అంచుకు. గిప్పుడే."

అందరూ బిందు వైపు తిరిగారు. బిందు అంచు వైపు చూడకుండా మొహం తిప్పుకుంది.

"రాళ్ళు తడిగా ఉన్నాయి కదా. అమ్మ తిడుతుంది. పదండి, కింద నేరేడు పళ్ళు రాలి ఉంటాయి" అని గబగబా వెనక్కి తిరిగింది.

"జూసినవా? డర్‌పోక్!" అని నవ్వాడు శ్రవణ్.

బిందు విననట్టే దిగిపోయింది. చెవులు మండిపోతున్నాయి.

నేరేడు చెట్టు కింద పళ్ళు ఏరుకుంటూ కాసేపు అందరూ గొడవంతా మరిచిపోయారు. బన్నీ నాలుక బయటపెట్టి, ఎంత ఊదాగా ఉందో చూపించాడు. శ్రవణ్ కూడా చూపించాడు. "స్రవ్యా, నీదేది?" అని వెనక్కి తిరిగాడు.

స్రవ్య లేదు.

"ఇంటికి వెళ్ళిందేమో" అన్నాడు బన్నీ.

"నాకు చెప్పకుండ పోదు" అన్నాడు శ్రవణ్. వాడి గొంతు మారిపోయింది. "స్రవ్యా! ఓ స్రవ్యా!"

గాలి తప్ప ఏమీ వినబడలేదు. ఆ తరవాత, పైనుంచి, చాలా సన్నగా, పిల్లి కూన అరిచినట్టు...

"బిందక్కా..."

ముగ్గురూ పరిగెత్తారు. నల్ల బండ మీద ఎవరూ లేరు. ఒక్క చెప్పు మాత్రం పడి ఉంది. ఎర్ర పట్టీ ఉన్న చిన్న చెప్పు. గొంతు అటువైపు నుంచి వస్తోంది. అంచు అవతలి నుంచి.

శ్రవణ్ రెండడుగులు వేసి, మెడ చాపి చూసి, గభాల్న వెనక్కి వచ్చాడు. మొహం తెల్లగా పాలిపోయింది. "కిందున్నది. చిన్న రాయి మీద. పడ్తది... పడ్తది!"

బిందుకి పారిపోదామనిపించింది. ఇంటికెళ్ళి దుప్పటి కప్పుకుని పడుకుంటే ఇదంతా జరగనట్టే అయిపోతుందేమో అనిపించింది.

"బిందక్కా, ఉన్నవా?" అంది ఆ గొంతు.

"ఉన్నాను" అంది బిందు. తర్వాత మగపిల్లలతో, "ఇద్దరూ పరిగెత్తండి. శ్రవణ్, మీ బాపుని పిలువు. బన్నీ, నాన్నని. తాడు తెమ్మను. నిచ్చెన తెమ్మను. పొండి!" అంది.

వాళ్ళు దొర్లుతున్నట్టే దిగిపోయారు. గుట్ట మీద బిందు ఒక్కతే మిగిలింది.

నిలబడి అంచుకి వెళ్ళడం ఆమె వల్ల కాదు. బోర్లా పడుకుంది. పొట్ట బండకి ఆనించి పాకింది. తడి రాయి చల్లగా గౌనులోంచి తగిలింది. ఒక జానెడు పాకి ఆగింది. మరో జానెడు. ముందు రాయి అయిపోయి, ఆకాశం మొదలైంది. బిందు కళ్ళు మూసుకుంది. చెవుల్లో గుండె చప్పుడే. ఊపిరి బిగబట్టి, కళ్ళు తెరిచి కిందికి చూసింది.

స్రవ్య పైకి చూస్తోంది.

ఆమె నిలబడబోయి జారింది. జారి, బండకి ఒక మనిషి ఎత్తు కింద, చాపంత వెడల్పున్న రాతి గట్టు మీద పడింది. మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. మోచేయి దోక్కుపోయి నెత్తురు కారుతోంది. ఆమె వెనక ఏమీ లేదు. అంతా ఖాళీ. ఎక్కడో అడుగున పచ్చటి నీళ్ళు.

"నేను ఏడ్వలే అక్కా" అంది స్రవ్య. పెదాలు వణుకుతున్నా నవ్వడానికి ప్రయత్నిస్తోంది. "అన్న నిన్ను డర్‌పోక్ అన్నడు గదా. నీ లెక్క నిలబడి చూపిద్దామని వచ్చిన. జారింది."

బిందు ఇంకొంచెం ముందుకి జరిగింది. చెయ్యి చాపింది. అందలేదు. చాలా దూరం.

"ఆగు, నేను లేస్త" అంది స్రవ్య. "నీ లెక్క కళ్ళు మూసుకొని, చేతులు మీదికి చాపిన అనుకో, నీ చెయ్యి అందుతది."

"వద్దు! లేవకు!"

"ఏం కాదక్కా. నువ్వు గంత ఎత్తుల లేవలేదా?"

స్రవ్య ఒక పాదం ముందుకు పెట్టి లేవబోయింది. పాదం కింద నాచు జారింది. గుప్పెడు చిన్న రాళ్ళు అంచు దాటి పడిపోయాయి. వాటి చప్పుడు వెంటనే రాలేదు. ఒక్క క్షణం తర్వాత, కింద నీళ్ళలో టుబుక్, టుబుక్ మంది.

"నేను నిలబడలేదు!" అని అరిచింది బిందు.

స్రవ్య అలాగే ఆగిపోయింది.

"నేను నిలబడలేదు స్రవ్యా. అంచు దాకా వెళ్ళనే లేదు. అదంతా అబద్ధం. కూర్చో. నీ కాళ్ళు పట్టుకుంటాను, కూర్చో."

"మరి... కాళ్ళు యాలాడేసిన అన్నవ్?"

"లేదు. దారిలోనే కూర్చుని ఏడ్చాను. కళ్ళు మూసుకుని ఏడ్చాను. మా అమ్మ నన్ను జీపు దగ్గరికి తీసుకెళ్ళిపోయింది. బన్నీగాడికి తెలుసు. ఆ బండ ఎలా ఉంటుందో కూడా నేను చూడలేదు."

స్రవ్య నమ్మలేనట్టు చూసింది. "నిజంగనా?"

"ఇప్పుడు కూడా భయమేస్తోంది. ఇదిగో చూడు." బిందు తన చెయ్యి కిందికి చాపింది. అది ఆకులా వణుకుతోంది. ఆపుదామన్నా ఆగడం లేదు.

స్రవ్య ఆ చేతి వంక చూస్తూ ఉండిపోయింది. ఆమె కింది పెదవి మెల్లగా ముందుకొచ్చింది. అంతసేపు బిగబట్టుకున్నదంతా ఒక్కసారిగా బయటపడింది. "అమ్మా!" అని బావురుమంటూ చతికిలపడి, రెండు చేతులతో బండని కావలించుకుంది.

"ఏడువు. గట్టిగా ఏడువు. కానీ కదలకు. బండని వదలకు" అంది బిందు. ఆమె కళ్ళలోంచి కూడా నీళ్ళు కారి రాయి మీద పడుతున్నాయి.

ఎవరూ రావడం లేదు. దూరంగా పట్టాల మీద ఏదో రైలు వెళ్ళింది. గాలి తిరిగింది. మబ్బు కమ్ముకొచ్చింది.

"అక్కా, వాన వస్తదా?"

"రాదు" అనబోయింది బిందు. నాలుక చివరిదాకా వచ్చిన ఆ మాటని మింగేసింది. "వచ్చేలా ఉంది. వస్తే ఇంకా గట్టిగా పట్టుకో. నేను ఇక్కడే ఉంటాను."

"పోవు గదా?"

"పోను."

వాన వచ్చింది. పెద్దది కాదు, తుంపర. కానీ బండంతా నూనె రాసినట్టు మెరిసింది. బిందు వేళ్ళు రాయి చీలికలో దూర్చి పట్టుకుంది. స్రవ్య ఏడుపు తగ్గి వెక్కిళ్ళు మిగిలాయి. వెక్కిళ్ళ మధ్య "ఉన్నవా?" అనేది. "ఉన్నాను" అనేది బిందు. మళ్ళీ "ఉన్నవా?" మళ్ళీ "ఉన్నాను." ఎన్నిసార్లు అనుకున్నారో ఇద్దరికీ తెలియదు.

చివరికి కింద క్వారీ వైపు నుంచి కేకలు వినబడ్డాయి. స్రవ్య బాపు వైకుంఠం, ఆయన పప్పుల దుకాణంలో పనిచేసే దుర్గయ్య, గల్లీ చివర ఇళ్ళకి సున్నాలు వేసే జహంగీర్ భాయ్. జహంగీర్ భాయ్ భుజం మీద పొడుగాటి వెదురు నిచ్చెన ఉంది.

"హిల్నా మత్ బేటీ! కదలకు! వస్తున్న" అని అరిచాడు జహంగీర్ భాయ్.

నీళ్ళలో రాళ్ళ మీద నిచ్చెన నిలబెట్టారు. వైకుంఠం, దుర్గయ్య కింద అదిమి పట్టుకున్నారు. నడుం లోతు నీళ్ళలో నిలబడ్డ వైకుంఠం కూతురి మీంచి చూపు తిప్పలేదు. జహంగీర్ భాయ్ ఎక్కాడు. చివరి మెట్టు దాకా వచ్చినా ఆయన చేతులు గట్టు అంచుకే అందాయి. స్రవ్యే ఇటు రావాలి.

"కూసోనే ఇటు జరుగు బేటీ. లేవకు. మెల్లగ."

స్రవ్య కదల్లేదు. తల పైకెత్తింది. "అక్కా?"

"నేను చూస్తున్నాను. కూర్చునే జరుగు. కొంచెం కొంచెం."

స్రవ్య బండకి చెంప ఆనించి కొంచెం జరిగింది. ఆగింది. ఇంకొంచెం జరిగింది. గౌను చిరిగిన చప్పుడు. జహంగీర్ భాయ్ చెయ్యి ఆమె చీలమండ మీద పడింది. తర్వాత నడుం చుట్టూ. తర్వాత ఆ పిల్ల ఆయన మెడ పట్టుకుని వేలాడుతోంది, నిచ్చెన కిర్రుమంటోంది, ఒక్కో మెట్టూ, ఒక్కో మెట్టూ.

వైకుంఠం కూతుర్ని గుండెకి హత్తుకున్నాక గానీ బిందు తల బండ మీద వాల్చలేదు.

వాల్చాక ఇక లేవలేకపోయింది. వెనక్కి పాకుదామంటే చేతులూ కాళ్ళూ తనవి కానట్టున్నాయి. అడుగుల చప్పుడైంది. నాన్న వచ్చాడు. వెనకే బన్నీ, శ్రవణ్.

"బిందూ! దా, లే" అన్నాడు నాన్న.

శ్రవణ్ అక్కడే ఉన్నాడు. చూస్తున్నాడు. అయినా బిందు అంది, "లేవలేను నాన్నా. నాకు భయంగా ఉంది. పట్టుకో."

నాన్న పట్టుకున్నాడు. శ్రవణ్ వంగి స్రవ్య చెప్పు తీసుకున్నాడు. వాడూ వణుకుతున్నాడు.

సాయంత్రం ఇంట్లో స్రవ్య మంచం మీద కూర్చుంది. ఆమె మోచేతికి నానమ్మ విమలాదేవి పసుపు అద్దుతూ తిడుతోంది. తిడుతూనే మధ్యమధ్య కళ్ళు తుడుచుకుంటోంది. "గుట్ట మీదికి ఎవలు పొమ్మన్నరే నిన్ను? ఎవలు తోల్కపోయిన్రు?"

"ఎవ్వలు కాదు నానమ్మా. నేనే పోయిన. కాలు జారింది" అంటోంది స్రవ్య.

బిందు గుమ్మం బయట ఉండి విన్నది. ఇక ఎవరూ అడగరు. మెట్లెక్కి తమ వాటాలోకి వెళ్ళిపోతే సరిపోతుంది. విమలాదేవి కోపమంటే గల్లీ గల్లీకి హడల్. బిందు ఒక మెట్టు ఎక్కింది. ఆగి, మళ్ళీ దిగి, లోపలికి వెళ్ళింది.

"మామ్మగారూ, నేనే. నేను అండమాన్‌లో బండ అంచున నిలబడ్డానని అబద్ధం చెప్పాను. అది నిజమనుకుని స్రవ్య నాలాగే చెయ్యబోయింది."

విమలాదేవి చెయ్యి ఆగిపోయింది. బిందు తల దించుకుని, పడబోయే మాట కోసం ఎదురుచూసింది.

"పోరి పానం పోతుండె" అంది విమలాదేవి చివరికి. గొంతు పెద్దది చెయ్యలేదు. అందుకే బిందుకి ఇంకా భయమేసింది. "సమజైందా?"

బిందు తలూపింది.

"గీడ కూసో. గా దూది పట్టుకో" అంది విమలాదేవి, మోకాలి దెబ్బ తుడవడం మొదలుపెడుతూ.

కొన్నాళ్ళకి స్రవ్య దెబ్బలు మానాయి. గుట్టకి వెళ్ళడం అందరికీ బందు. ఒక సాయంత్రం ఇంటి ముందు మెట్ల మీద పిల్లలు చేరారు. గల్లీలో వాళ్ళు ఇంకో నలుగురైదుగురు కూడా వచ్చారు. "బిందూ, అండమాన్ ముచ్చట చెప్పు" అని ఒకటే లొల్లి.

బిందు ఓడ గురించి చెప్పింది. జైలు గురించి, జింకల గురించి చెప్పింది. కాలాపత్థర్ దగ్గరికి రాగానే ఆగింది. శ్రవణ్ మోకాళ్ళ వంక చూసుకుంటున్నాడు. స్రవ్య బిందు మొహంలోకే చూస్తోంది.

బిందు లేచి, వరండాలో పేపరు చదువుకుంటున్న నాన్న దగ్గరికి వెళ్ళింది.

"నాన్నా, కాలాపత్థర్ ఎలా ఉంటుందో వీళ్ళకి చెప్పవా?"

"నువ్వు చెప్పవే. నీకు బాగా చెప్పడం వచ్చుగా" అన్నాడు నాన్న.

"నేను చూడలేదు కదా. భయమేసి జీపు దగ్గరే ఉండిపోయాను." ఆ మాట మెట్ల మీదున్న అందరికీ వినబడేలాగే అంది.

ఒకడు కిసుక్కున నవ్వాడు. బిందు చెవులు వేడెక్కాయి. అయినా కదల్లేదు.

నాన్న పేపరు మడిచి వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. ముందు అడవి పచ్చగా కనిపిస్తుందట. దాని అవతల తెల్లటి నురగ గీత. దాని అవతల నీలం, మొదట లేత నీలం, పోనుపోను ముదురు నీలం. ఎక్కడ సముద్రం అయిపోయి ఎక్కడ ఆకాశం మొదలైందో తెలియలేదట. కొండ మీద ఇంకో చోటు నుంచి కొబ్బరి చెట్ల మధ్య లైట్‌హౌస్ కనిపించిందట. ఎర్రటి ఇరవై రూపాయల నోటు వెనక ఉన్న బొమ్మ అదేనని డ్రైవరు చెప్పాడట. బిందు కింది మెట్టు మీద, స్రవ్య పక్కన కూర్చుని, నోరు తెరుచుకుని విన్నది. ఇదంతా ఆమె వినడం ఇదే మొదటిసారి.

"మీకు డర్ కాలేదా అంకుల్?" అని అడిగాడు శ్రవణ్.

"ఎందుకు కాలేదూ? బన్నీగాడి చొక్కా కాలరు వదిలితే ఒట్టు" అన్నాడు నాన్న.

"మెడ ఎంత నొప్పి పుట్టిందో!" అన్నాడు బన్నీ. అందరూ ఘొల్లుమన్నారు.

నవ్వులు తగ్గాక స్రవ్య బిందు మోచేతిని పొడిచింది. "అక్కా, నువ్వు జీప్ కాడ ఏం జేసినవ్? గది చెప్పు."

"అందులో ఏముంది చెప్పడానికి?"

"నాకు గదే గావాలె. ఏడ్సిన కాడికెంచి చెప్పు."

పిల్లలందరూ దగ్గరికి జరిగారు. బిందు ఊపిరి పీల్చుకుంది.

"చెట్ల మధ్యలోంచి కింద నీలంగా ఏదో కనబడింది" అని మొదలుపెట్టింది. "అంతే. నా కాళ్ళు చచ్చుబడిపోయాయి..."